ఇరవై రోజుల ఇంటిపెద్ద

అర్ధరాత్రి ఫోన్ మోగితే చాలు... అమెరికాలో ఉన్న తెలుగువాడి గుండె ఝల్లుమంటుంది. అక్కడ అర్ధరాత్రంటే ఇక్కడ పట్టపగలు. ఆ వేళలో ఇంటి నుంచి ఫోనంటే మంచికి కాదని తెలుసు. ‘నాన్న ఇక లేరురా...’ అన్న మాట విని, టికెట్ సంపాదించి, రెండు విమానాలు మారి, శంషాబాద్‌లో దిగి ఊరు చేరేసరికి రెండు రోజులు. అప్పటిదాకా ఐస్ బాక్సులో నాన్న, గుమ్మంలో అమ్మ.

అసలు పరీక్ష ఆ తర్వాతే! అయినవాళ్లు పోతే ప్రైవేటు ఉద్యోగికి జీతంతో సెలవివ్వాలన్న చట్టం అమెరికా మొత్తానికి వర్తించేది ఏదీ లేదు. కంపెనీ ఇచ్చే నాలుగైదు రోజులకు దాచుకున్న సెలవులు కలిపితే మూడు వారాలు. పెద్దకర్మ అయ్యేసరికే సగం పైగా కరిగిపోతాయి. మిగిలిన వారంలో మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, పాసుపుస్తకం, అమ్మ పింఛను... అన్నీ తేలాలి. పొద్దున తహసీల్దార్ ఆఫీసు, మధ్యాహ్నం బ్యాంకు, సాయంత్రం ప్లీడరు. కొడుకు వచ్చాడన్న మాటేగానీ, అమ్మకు కనిపించేది రాత్రి అన్నం దగ్గరే.

పైగా వీసా భయం. హెచ్1బి మీదున్నవారికి పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరితే, వెనక్కి వెళ్లాలంటే కాన్సులేట్ గడప తొక్కాల్సిందే. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు బాగా తగ్గిపోయాయి. అదే ఏడాది డిసెంబరు 15న హెచ్1బి దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలయ్యాక, ఇక్కడ ఎందరి అపాయింట్‌మెంట్లో నెలల తరబడి వాయిదా పడ్డాయి. తండ్రికి తలకొరివి పెట్టాలా, ఉద్యోగం నిలుపుకోవాలా? ఇంతకంటే కఠినమైన ప్రశ్న ఏముంటుంది!

గల్ఫ్‌కు వెళ్లినవారిది మరో బాధ. కడప నుంచో కోనసీమ నుంచో కువైట్ వెళ్లి ప్రైవేటు కొలువు చేస్తున్నవారికి 2025 జులై 1 నుంచి దేశం దాటాలంటే యజమాని ఒప్పుకుని ఇచ్చే ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. ఆ ఒప్పుకోలు ఆలస్యమైతే ఆఖరిచూపు ఫోన్‌లోనే.

ఈ హడావుడిలోనే పెద్ద పెద్ద నిర్ణయాలు జరిగిపోతాయి. ‘ఇల్లు అమ్మేద్దాం, పొలం అమ్మేద్దాం, అమ్మ అక్క దగ్గర ఉంటుంది’... విమానం ఎక్కేలోపు అన్నీ తెగ్గొట్టాలన్న తొందర. పదేళ్లుగా నాన్నను ఆసుపత్రులకు తిప్పిన అక్కను ఎవరూ అడగరు. అమ్మనైతే అసలే అడగరు!

నిజానికి అంత తొందర అక్కర్లేదు. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదుగానీ, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. కాబట్టి అయినకాడికి తెగనమ్మాల్సిన పని లేదు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుమే ఉండదు, ఆ పని ఇంట్లో మరొకరు చూసుకోగలరు. చాలా ఆస్తి పనులకు పవర్ ఆఫ్ అటార్నీ సరిపోతుంది. అక్కడి భారత కాన్సులేట్‌లోగానీ నోటరీ ఎదుటగానీ సంతకం చేసి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అయితే నమ్మకస్తుల పేరిట, ఫలానా పనికి మాత్రమేనని స్పష్టంగా రాయించడం మేలు.

అన్నిటికన్నా తెలివైన పని ఇంకోటుంది. నాన్న నవ్వుతూ తిరుగుతున్నప్పుడే, సంక్రాంతికి వచ్చినప్పుడే, కాగితాలు ఎక్కడున్నాయో అడగడం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ‘ఆ మాటలిప్పుడెందుకు, అపశకునం’ అని దాటేసే ఇళ్లే ఎక్కువ. ఆ దాటవేతకు మూల్యం చెల్లించేది మాత్రం తర్వాత బ్యాంకుల చుట్టూ తిరిగే అమ్మ!

కాగితాలు ముందే ఓ దారిలో పడితే, ఆ ఇరవై రోజుల్లో కొన్నయినా అమ్మవవుతాయి. ఆమె పక్కన మంచమేసుకుని పడుకోవచ్చు. నాన్న సంగతులు చెబుతుంటే వినొచ్చు. ‘నీకెక్కడ ఉండాలనుందమ్మా?’ అని అడగొచ్చు. అమెరికా తీసుకెళ్దామన్నా విజిటర్ వీసా మీద ఒక విడతకు సాధారణంగా ఆరు నెలలే. ఆమెకేమో తన వాకిలి, తన తులసికోట, పక్కింటి వదినగారు కావాలేమో!

జవాబు ఆ రోజే రాకపోవచ్చు. రాకపోయినా ఫర్వాలేదు. తనను ఓ మాట అడిగాడన్న తృప్తితో ఆ తల్లి ఆవకాయ జాడీ సర్దిచ్చి, కారు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడుతుంది.