మన పెరటితోట: చామంతిని వేసవి దాటించుట

సంక్రాంతి వెళ్లి మాఘమాసము ప్రవేశించునప్పటికి చామంతి మొక్క పూలుడిగి, క్రింది యాకులు నల్లబడి, చూచుటకు వికారముగా నుండును. అప్పుడు పెక్కండ్రు దానిని పెరికి పెంటదిబ్బపై పారవేయుదురు. మరల వానకాలమున డబ్బు పెట్టి క్రొత్త మొక్కను కొనుచుందురు. బంతివలె నిదియు నొక్క కారుతో తీరిపోవు మొక్క యనుకొనుటయే యిందుకు కారణము. బంతి విత్తునుండి మొలచి, పూచి, విత్తునిచ్చి చచ్చును. చామంతి యట్టిది కాదు. కాడ యెండినను దాని వేరు బ్రతికియుండి, నేలలోనుండి పిలకలను పైకి పంపుచుండును. ఏండ్ల తరబడి నిలువదగిన మొక్కను మనమే యేటేట చంపుకొనుచున్నాము.

ఇందు పోవునది డబ్బు మాత్రమే కాదు. చామంతి చీనాదేశమున రెండువేల యేండ్లకు పైగా పెంపకములో నుండి, పలు జాతుల కలయికచే నేటి రూపమును పొందినది. అందుచే దాని విత్తులు చల్లినచో నొక్కొక్క మొక్క యొక్కొక్క తీరున పూచునే కాని, తల్లిపూవు రాదు. అత్తగారి కాలమునుండి యింట నున్న పసుపుచామంతి యట్లే నిలువవలెనన్న, దాని పిలకనో కొమ్మనో నాటుకొనవలసినదే. ఇరుగుపొరుగుల యొద్ద లేని పూవు మన పెరటిలో నొక్క వేసవికి చచ్చెనేని, అది మరల దొరకుట కష్టము.

కల్వకుర్తి ప్రాంతపు సోదరీమణులకు ఈ విషయము మరింత ముఖ్యము. 2016 వరకు మహబూబ్‌నగరు జిల్లాలోను, అటుపిమ్మట నాగర్‌కర్నూలు జిల్లాలోను ఉన్న ఈ సీమ మెట్టసీమ. ఇచ్చటి యెఱ్ఱ చెల్కనేల తడిని చాలకాలము పట్టియుంచదు. రోహిణికార్తెలో రోళ్లు పగులునను మాట మనకు క్రొత్త కాదు. కనుక పిలకను వేరుచేయుట సులభమే. ఆ పిలకను మృగశిర దాక బ్రతికించుకొనుటయే యసలు పని.

పూలు ముగిసిన వెంటనే కాడలను నేలకు ఆరంగుళముల యెత్తున కోసివేయుడు. మొదట చుట్టును మన్ను గుల్లచేసి, బాగుగ చివికిన పశువుల యెరువు రెండు దోసిళ్లు వేయుడు. కొలది వారములలో మొదటినుండి లేత పిలకలు లేచును. ఎండలు ముదురకమునుపే, వేరు చెదరకుండ మన్నుగడ్డతో త్రవ్వి యొక కుండీలోనికి మార్చుడు. చెల్కమన్ను, ఇసుక, చివికిన యెరువు సమపాళ్లుగా కలిపి కుండీ నింపవలెను. అడుగున రంధ్రము తప్పక యుండవలెను.

ఆ కుండీని ఉదయపుటెండ మాత్రము తగులునట్లు, ఇంటికి తూర్పువైపున గాని చెట్టునీడను గాని ఉంచుడు. పైమన్ను వ్రేలికి పొడిగా తగిలినప్పుడే ప్రొద్దుట నీరు పోయవలెను. నీరు తక్కువైనచో మొక్క వాడును. నిలిచినచో వేరు కుళ్లును. నీటికి కటకటయైన దినములలో బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు చాలును. సబ్బునీరును ఉప్పు కలిసిన నీరును మాత్రము పోయరాదు.

మృగశిరలో తొలివానలు పడి నేల చల్లబడగానే ఆ గుబురును పెల్లగించి, ఒక్కొక్క పిలకను దాని వేరుతో విడదీయుడు. నడుమ మ్రానుబారిన ముదురు మొదలును పారవేయవచ్చును. సాయంకాలమున, నీరు నిలువని యెత్తైన మడిలో, అడుగు దూరమున కొకటి చొప్పున నాటుడు. పిలకలు చాలనిచో మూడంగుళముల చిగురుకొమ్మలను కోసి, క్రిందియాకులు తీసి, తడియిసుకలో గ్రుచ్చి నీడనుంచుడు. ఇంచుమించు మూడు వారములలో వేళ్లు పుట్టును.

నాటిన నెలకు ప్రతి మొక్క చివరి చిగురును గోటితో త్రుంచుడు. లేత మొక్కను త్రుంచుటకు చేయి రాకపోవచ్చును గాని, అట్లు చేసిననే ప్రక్కకొమ్మలు వచ్చి, ఒకటిరెండు పూలకు బదులు గుత్తులుగా పూచును. శ్రావణము దాటిన పిమ్మట త్రుంచరాదు. పేనుబంక పట్టినచో సేరు నీటికి ఒక చెంచా వేపనూనెయు, అది కలియుటకు కొంచెము సబ్బును చేర్చి, సాయంకాలమున ఆకుల యడుగుభాగమున చల్లుడు.

మొక్క యేపుగా పెరిగియు పూయకున్న, ముందుగా దీపమేదైన దగ్గర నున్నదేమో చూడుడు. 1920లో అమెరికాదేశమున గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు పొగాకు, సోయాచిక్కుడు మొదలగు మొక్కలు పూయుట పగటి నిడివిపై ఆధారపడియుండునని ప్రకటించిరి. చామంతియు నట్టిదే. రాత్రులు దీర్ఘమైనప్పుడే అది మొగ్గ తొడుగును. వీధిదీపమో, వసారాలోని విద్యుద్దీపమో రాత్రియెల్ల దానిపై పడుచుండిన, మొక్కకు రాత్రి వచ్చినట్లే తోచదు, పూత వెనుకబడును. భాద్రపదమునుండి దానిని చీకటి గల చోట నుంచిన, సాధారణముగా కార్తీకము మొదలు సంక్రాంతి దాక పూలు కోసికొనవచ్చును.

ఒక్క గుబురునుండి పది పిలకలు వచ్చినచో, పదింటిని మన పెరటనే నాటుకొనవలదని మా సలహా. రెండు పొరుగింటికిని, రెండు అత్తవారింటి కేగు కూతురికిని ఇయ్యుడు. మన బోరు ఎండిన యేడు వారి పెరటిలోనైన ఆ పూవు నిలుచును; అప్పుడు అడుగుటకు మొగమాటముండదు. వచ్చు మాఘమున కత్తెర చేతబట్టినప్పుడు, వేరును కదల్పక కాడను మాత్రమే కోయుడు.