పొలం ప్రమాదానికో పుస్తకం

రైతన్నలారా, కూలి తల్లులారా!

మనం అన్నీ రాసుకుంటాం. దిగిన బస్తాలు రాస్తాం. ఇవ్వవలసిన కూలి రాస్తాం. పెళ్లి చదివింపులు పైసాతో సహా రాస్తాం. స్టార్టర్ డబ్బా తాకి మనిషి పడిపోతే మాత్రం "వాడి రాత" అంటాం. ఆ ఒక్క రాతను ఏ పుస్తకంలోనూ ఎక్కించం.

ట్రాక్టరు వెనక యంత్రాలను తిప్పే పీటీఓ షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. సెకనుకు తొమ్మిది. భుజం మీది తువ్వాలు కొస తగిలితే చాలు, కేక వేసేలోపు మనిషినే లాగేస్తుంది. దాని మీది తొడుగు విరిగిందని ఊరంతటికీ తెలుసు. ఎవరూ మార్పించరు.

పాముకాటు సంగతి మరీ ఘోరం. 2000 నుంచి 2019 దాకా దేశంలో ఏటా సగటున 58,000 మంది దానికి బలయ్యారని పరిశోధకుల అంచనా. ఆసుపత్రి రిజిస్టర్లు చూస్తే తేలిన లెక్క కాదది. ఇంటింటికీ వెళ్లి అడిగితే తేలింది. ప్రతి కాటునూ తప్పక నమోదు చేసే ఏర్పాటు చేయమని 2024 నవంబరులో కేంద్రం రాష్ట్రాలను కోరింది. ఢిల్లీ ఎంత కోరినా, మొదటి కబురు చెప్పవలసింది గట్టు మీదున్న మనమే.

ఇక దాచిపెట్టే చావులున్నాయి. వాటితో బీమా డబ్బూ పోతోంది. తెలంగాణలో 5 లక్షల రైతుబీమా పట్టాదారుకే. కౌలుదారుకూ కూలికీ మిగిలేది, ఏటా 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షలిచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా వంటిదే. దానికీ కాగితాలు కావాలి. కరెంటు షాక్‌తో పోయినవాణ్ణి, ఆసామికి పోలీసు గొడవ ఎందుకని, గుండెపోటు అనిపించి మాపటికల్లా దహనం చేస్తున్నాం. పంచనామా లేదు. పోస్టుమార్టం లేదు. ఆ చితి మీద పిల్లల నోటి కూడు కూడా కాలుతోంది. పెద్దమనుషులారా, ఇది మర్యాద కాదు, ద్రోహం!

పంచాయతీలో ఒక పుస్తకం పెడదాం. తేదీ రాద్దాం, చోటు రాద్దాం, యంత్రం రాద్దాం, ఎలా జరిగిందో రాద్దాం. తప్పెవరిదో తేల్చే తగువు అందులో వద్దు. అది మొదలైతే ఎవడూ నోరు విప్పడు.

మొదటి పేజీకి చావు కోసం చూడవద్దు. నిరుడు గడ్డి లోడు మీద నిలబడ్డ కుర్రాడి తలకు జానెడు ఎత్తున కరెంటు తీగ వేలాడింది. వంగి తప్పించుకున్నాడు. అందరం నవ్వుకున్నాం. ఆ తీగ ఇంకా అలాగే ఉంది. స్తంభం నంబరుతో సహా ఈ రాత్రే రాద్దాం. తెల్లవారగానే లైన్‌మన్ చేతికి ఇద్దాం.