మోరీ పొంగితే ఎవరికి చెప్పుకోవాలి?

సంగారెడ్డి జిల్లా ముత్తంగి పంచాయతీ పాలకవర్గం గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరింది. సర్పంచ్ దిగిపోయారు, ప్రత్యేకాధికారి వచ్చారు. ఆ సెప్టెంబరులో ముత్తంగిని పాటి, పోచారం, ఘనపూర్, కర్ధనూరులతో పాటు తెల్లాపూర్ మున్సిపాలిటీలో చేర్చారు. 2025 జనవరి చివర్లో ఆ మున్సిపల్ పాలకవర్గం గడువూ ముగిసింది. డిసెంబరు వచ్చేసరికి మున్సిపాలిటీయే లేదు. మరో 26 పట్టణ సంస్థలతో కలిసి జీహెచ్‌ఎంసీలో విలీనమైంది. రెండేళ్లు తిరక్కుండానే ముత్తంగి మనిషి పల్లె నుంచి మహానగరంలోకి వచ్చిపడ్డాడు. ఈ మధ్యకాలంలో తన ఊరి పాలన కోసం ఒక్క ఓటూ వేయలేదు. అదే డిసెంబరులో జిల్లాలోని మిగతా పల్లెలు సర్పంచ్‌లను ఎన్నుకున్నాయి.

విలీనం తప్పని నేననను. నాలా నీళ్లు మున్సిపాలిటీ హద్దు చూసుకుని పారవు. కానీ హద్దులు మార్చడానికి ఉన్న తొందర ఎన్నిక పెట్టడానికి ఎందుకు లేదు? పాలకవర్గం గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతోంది. ఏళ్ల తరబడి పట్టణాలను అధికారుల చేతిలో వదిలేస్తున్నారనే కదా 1992లో 74వ సవరణ తెచ్చుకున్నాం!

కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీ సంగతి చూడండి. అక్కడ 15,660 ఇళ్లు. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఈ కాలనీ ఉన్న తెల్లాపూర్‌లో 17 వార్డులకు పోలింగ్ జరిగింది 2020 జనవరి 22న. అంటే నగరం బస్తీల నుంచి ఇక్కడికొచ్చిన ఈ కుటుంబాలకు స్థానిక ప్రతినిధిని ఎన్నుకునే అవకాశం ఇంతవరకు రాలేదు. ఒక చిన్న పట్టణమంత జనం, తమ మనిషి అనుకోదగ్గ కౌన్సిలర్ ఒక్కరూ లేరు. మోరీ పొంగినా, వీధిలైటు వెలగకపోయినా ఎవరి గడప తొక్కాలి?

దగ్గర్లోనే గేటెడ్ కమ్యూనిటీలున్నాయి. వాటికి సొంత సెక్యూరిటీ, సొంత మురుగుశుద్ధి ప్లాంటు, నీళ్లు తక్కువైతే ట్యాంకర్లు. అన్నిటికీ మించి, ఎన్నుకున్న అసోసియేషన్ ఉంటుంది. కౌన్సిలర్ లేకపోయినా వాళ్లకు రోజు గడుస్తుంది. గడవనిది కొల్లూరు కాలనీ వాళ్లకు, వెలిమెల పాత ఊరి వాళ్లకు, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసి అద్దె గదికి చేరే కార్మికుడికి. కౌన్సిల్ అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లకే అది లేకుండా పోయింది.

ఎన్నిక జరిగినా మరో చిక్కుంది. విస్తరించిన మహానగరాన్ని 300 డివిజన్లు చేశారు. ఒక్కో కార్పొరేటర్ వెనుక పాత వార్డులు ఎన్నో ఉంటాయి. పేరు పెట్టి పిలవగలిగిన కౌన్సిలర్ స్థానంలో అపాయింట్‌మెంట్ అడగాల్సిన మనిషి వస్తారు. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలని రాజ్యాంగమే అంటోంది. వాటిని కాగితం మీద వదిలేయకుండా, నెలకోసారి కాలనీలోనే కూర్చోబెట్టాలి. కొల్లూరు బ్లాకుల నుంచి మనుషులుండాలి, అందులో ఆడవాళ్లు సగమైనా ఉండాలి. నీళ్ల గురించి, చెత్తబండి గురించి వాళ్లకు తెలిసినంత మరెవరికీ తెలియదు.

విలీనమై ఎన్నిక కోసం ఎదురుచూసే ఈ దారిలో పటాన్‌చెరు, రామచంద్రాపురం ముందే నడిచాయి. 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీలో కలిశాయి, తొలి ఎన్నిక 2009 నవంబరులో జరిగింది. రెండున్నరేళ్లు ఆగాల్సి వచ్చింది. ముత్తంగికి ఆ లెక్క 2024 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది.