మేధకు ఒక వయస్సు, బుద్ధికి మరొక వయస్సు

వార్షిక పరీక్షలు సమీపించగానే విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలలోని తల్లిదండ్రులకు సారస్వతారిష్టం గుర్తుకు వస్తుంది. పిల్లవాని జ్ఞాపకశక్తికి ఏ మందు మంచిదని నన్ను అడిగేవారు ఎందరో. “మరి మీరు ఈమధ్య కొత్తగా ఏమి నేర్చుకున్నారు?” అని ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం నవ్వేస్తారు. “ఇంకా మాకెందుకండీ, మా వయసు దాటిపోయింది” అంటారు. అలా అనే మనిషికి నలభై రెండేళ్ళు ఉంటాయి!

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను మనం మరీ గట్టిగా పట్టుకున్నాము. నడవడికను ఉద్దేశించి పెద్దలు చెప్పిన మాటను విద్యకు అన్వయించి, పదహారేళ్ళలోపే సమస్తమూ కుక్కివేయాలనీ, ఆ పైన తలుపు మూసుకుపోతుందనీ నమ్ముతున్నాము. ఈ నమ్మకం వల్ల ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ కూడా నష్టమేనని నా అభిప్రాయం. ఆయుర్వేదం ఎన్నడూ అలా చెప్పలేదు.

చరక సంహిత విమాన స్థానంలో వయోవిభాగం ఉన్నది. పదహారేళ్ళ వరకు ధాతువులు అపరిపక్వములు. అక్కడి నుండి ముప్పై ఏళ్ళ వరకు ధాతువులు వృద్ధి పొందుతూనే ఉంటాయి గాని మనస్సు ఇంకా నిలకడ చెందదు. ఇక ముప్పై నుండి అరవై వరకు గల మధ్య వయస్సులోనే బలపరాక్రమాలతో పాటు గ్రహించుట, నిలుపుకొనుట, స్మరించుట అనే శక్తులు సమస్థితిని పొందుతాయని ఆచార్యుడు స్పష్టంగా పేర్కొన్నాడు. మెదడు ముందుభాగం, అనగా ముందుచూపుకు, ఆవేశాన్ని అణచుకొనుటకు ఆధారమైన భాగం, ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా పరిణతి చెందుతూనే ఉంటుందని నేటి నాడీశాస్త్రం చెబుతున్నది. పదిహేనేళ్ళ బాలుని “బుద్ధి లేదా నీకు” అని గద్దించే తండ్రి ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

శార్ఙ్గధరుని లెక్క మరింత ఆసక్తికరం. పదేళ్ళకొకటి చొప్పున మనిషిలో క్షీణించేవాటిని చెబుతూ మేధను నాల్గవ దశకంలోనూ, బుద్ధిని తొమ్మిదవ దశకంలోనూ ఉంచాడు. చరకునితో ఇది పూర్తిగా పొసగదు. పొసగించవలసిన అవసరమూ లేదు. విన్నది విన్నట్లు పట్టుకొనే చురుకుదనం ముందుగా తగ్గినా, మంచిచెడ్డలు బేరీజు వేసే వివేకం చాలాకాలం నిలుస్తుందని దీని భావంగా నేను గ్రహిస్తున్నాను. 1963లో మనస్తత్త్వవేత్త రేమండ్ కేటెల్ కూడా తెలివితేటలను ఇంచుమించు ఇలాగే రెండు పాయలుగా విభజించాడు.

ముందుగా శైశవం సంగతి. ఎక్కువగా మాట్లాడే పిల్లను మనం వసపిట్ట అంటాము. మాటలు త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించే అలవాటు నుండి పుట్టిన మాట అది. మాటలు వచ్చేది కొమ్ము వల్ల కాదు, చుట్టూ మాట్లాడేవారి వల్ల. వసలోని ఒక రసాయనం హానికరమని తేలినందున అమెరికా ప్రభుత్వం 1968లోనే దానిని ఆహార పదార్థాలలో నిషేధించింది. పసికందుకు ఇంట్లో సొంతంగా వస పెట్టవద్దు. అలాగే ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. అందులోని సూక్ష్మజీవి బీజాల వల్ల ప్రాణాంతకమైన పక్షవాతం కలిగే ప్రమాదం ఉన్నది. స్వర్ణప్రాశన పేరుతో తేనె పెట్టించేవారు ఇది గమనించాలి.

వీటికి బదులు చరకుడు శారీర స్థానంలో చెప్పినది చేయవచ్చు. శిశువు ఆటవస్తువులు రంగురంగులుగా, చప్పుడు చేసేవిగా, తేలికగా ఉండాలట. మొనదేలినవి, నోటిలో పట్టేవి, భయం గొలిపేవి కారాదట. మన పొరుగున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కతో చేసే గిలక్కాయలను చూసి వ్రాశాడా అనిపిస్తుంది! ఏడ్చే బిడ్డను రాక్షసుల, పిశాచాల పేర్లు చెప్పి బెదిరించరాదని కూడా ఆయన హెచ్చరించాడు. మన ఇళ్ళలో బూచాడు ఇంకా సెలవు తీసుకోలేదు.

బడి ఈడు పిల్లలకు మందుకంటె ముందు నిద్ర కావాలి. బలాబలాలే కాక జ్ఞానాజ్ఞానాలు కూడా నిద్రపైనే ఆధారపడి ఉన్నవని చరకుని మాట. ఆరు నుండి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 గంటలకు తగ్గని నిద్ర, ఆ పై ఈడు వారికి 8 గంటలకు తగ్గని నిద్ర అవసరమని నేటి వైద్యులు అంటున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, రాత్రి పదకొండు వరకు కూర్చోబెట్టే వసతిగృహంలో పిల్లవానిని చేర్చి, వాని సంచిలో అరిష్టం సీసా పెట్టడం ఏ వైద్యమో నాకు బోధపడదు. ఆట కూడా విద్యే. ఆమదాలవలసలో పన్నెండేళ్ళ ప్రాయంలో బరువులెత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 240 కిలోలెత్తి కాంస్య పతకం సాధించినది. ఆరంభానికీ ఫలానికీ నడుమ పన్నెండేళ్ళకు పైగా సాధన ఉన్నది. ఉదయం చోడి అంబలి, సాయంత్రం గంటసేపు మైదానం, వేళకు పడక: ఇవి తప్పిన ఇంట మేధ్య రసాయనం ఏమి చేయగలదు?

ఇక పెద్దల విషయం. నాకు ముఖ్యమైనది ఇదే. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైనాడు. బ్రతుకు తెరువుకు చదువు చాలినది. అయినా ఆ పరిసర కొండలలోని సవరల భాష నేర్వదలచి, ఆ భాష తెలిసిన వానిని ఇంట ఉంచుకొని అభ్యసించాడు. పుస్తకం లేదు, నిఘంటువు లేదు. ముఖలింగ దేవాలయ శాసనాల లిపిని స్వయంకృషితో చదవడం నేర్చాడు. నలభై దాటిన తరువాత, పాఠశాలల తెలుగు ఎలా ఉండాలో పునరాలోచించి, 1907 ప్రాంతంలో వ్యావహారిక భాషకై పోరు మొదలుపెట్టాడు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నదంటారు. అది కూడా ఆయనను ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో వెలువడేనాటికి ఆయనకు 68 ఏళ్ళు, నిఘంటువు వెలువడిన 1938 నాటికి 75.

అందరూ గిడుగువారు కానక్కరలేదు. అయితే నలభై అయిదేళ్ళ గృహిణి సంగీతంలో సరళీస్వరాలు ఆరంభించడానికి, అరవై ఏళ్ళ ఉద్యోగి ఒడియా లిపి నేర్చుకొనడానికి శాస్త్రం అడ్డు చెప్పదు. చిన్నవారికంటె నిదానంగా వస్తుంది. పాతదానితో జోడించి నేర్చుకుంటే నిలుస్తుంది. రోజూ ఒకే వేళకు అరగంట చాలు. తండ్రి పుస్తకం పట్టిన ఇంట కొడుకును చదవమని కేకలు వేయవలసిన పని తగ్గడం నేను పలు ఇళ్ళలో గమనించాను.

మందు అడిగినవారికి మందు గురించి కూడా చెప్పాలి. రసాయన సేవనం మొదటి వయస్సులోగాని మధ్య వయస్సులోగాని చేయవలెనని సుశ్రుతుడు అన్నాడు, అనగా అది పిల్లల సొత్తు కాదు. చరకుడు చెప్పిన నాలుగు మేధ్య రసాయనాలు మండూకపర్ణి రసం, పాలతో యష్టిమధు చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి కల్కం. వీటిలో మండూకపర్ణి మనం సరస్వతి ఆకు అనేదే. తడినేలల్లో గుండ్రని ఆకులతో పాకుతుంది. నీటి బ్రహ్మి వేరు మొక్క, కొనేటప్పుడు చూసుకోవాలి. సరస్వతి ఆకుతో వారానికి ఒకటి రెండుసార్లు పచ్చడి చేసుకోవచ్చు. గర్భిణులు, కాలేయ వ్యాధిగ్రస్తులు, మూర్ఛకు మందు వాడేవారు వైద్యుని అడగకుండా వాడరాదు. అరిష్టాలలో పులియుట వల్ల పుట్టిన మద్యాంశం ఉంటుంది గనుక చిన్నపిల్లలకు సొంతంగా పట్టించకండి.