బడిపంతులు నడుముకు తుపాకీ

అమెరికాలో స్థిరపడిన మిత్రులొకరు నాతో వాదిస్తూ, "పంతులుగారూ, బడిలో ఒక్క ఉపాధ్యాయుని దగ్గరైనా తుపాకీ ఉంటే హంతకుడు లోపలికి అడుగుపెట్టడానికి జంకుతాడు కదా!" అన్నారు. ముప్పైమూడేళ్లు సుద్దముక్క పట్టినవాణ్ణి గనుక దీనికి బదులు చెప్పే అర్హత నాకు కొంత ఉన్నదనే నమ్ముతున్నాను. ఆయన నివాసం టెన్నెసీ రాష్ట్రం. కాబట్టి ఆ రాష్ట్రపు సంగతే ఎత్తుకుంటాను.

2023 మార్చి 27న అక్కడి నాష్‌విల్ నగరంలో కవనెంట్ అనే పాఠశాలలో ఆరుగురు హతులయ్యారు. ముగ్గురు తొమ్మిదేళ్ల పసివాళ్లు. మిగిలిన ముగ్గురిలో ఒకరు పాఠశాల అధినేత్రి, ఒకరు బడి ఆవరణను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి, ఒకరు వేరొకరికి బదులుగా పాఠం చెప్పడానికి వచ్చిన ఉపాధ్యాయిని. ఆ ఉపాధ్యాయిని రాష్ట్ర గవర్నరు బిల్ లీ గారి భార్యకు స్నేహితురాలు కూడాను. కాల్పులు జరిపిన వ్యక్తి మానసిక చికిత్స పొందుతూనే ఏడు తుపాకులు కొనగలిగింది, అన్నీ చట్టబద్ధంగానే. పోలీసులు జంకలేదు, జాగు చేయలేదు. మొదటి ఫోను వచ్చిన సుమారు 14 నిమిషాలలో ఆ వ్యక్తిని మట్టుబెట్టారు. అయినా ఆరు ప్రాణాలు పోయాయి. తుపాకీకి తుపాకీయే విరుగుడనేవారు ఈ పద్నాలుగు నిమిషాలను ఒకసారి తలపోయాలి.

ఆ బడి పిల్లల తల్లులలో చాలామంది సంప్రదాయవాదులు, తుపాకులున్న ఇళ్లవారు. చట్టసభ మెట్లు ఏనాడూ ఎక్కనివారు. వారు కోరినదేమి? ప్రమాదకరంగా ఉన్న మనిషి దగ్గరనుంచి న్యాయస్థానపు ఉత్తరువుతో కొంతకాలం ఆయుధాన్ని తీసి ఉంచే ఏర్పాటు. గవర్నరు సైతం ఏప్రిల్‌లో అటువంటి చట్టమే చేయమని సభను అర్థించారు. ఆయన తుపాకీ ద్వేషి కాడు సుమండీ! అనుమతి పత్రమే లేకుండా చేతితుపాకీ ధరించవచ్చునన్న 2021 నాటి చట్టాన్ని గాలటిన్ పట్టణంలోని బెరెట్టా తుపాకుల కర్మాగారంలో లాంఛనంగా సంతకం చేసి వేడుక జరిపినవారు. అంతటివాని మాటను కూడా సొంత పార్టీ సభ్యులే సభ దాకా రానివ్వలేదు. టెన్నెసీ ఫైర్‌ఆర్మ్స్ అసోసియేషన్ వంటి సంస్థలు దానికి 'రెడ్ ఫ్లాగ్' అని పేరు పెట్టి ముద్ర వేశాయి. ఆ ముద్ర చాలు, ముసాయిదా చదివే శ్రమ ఎవరికీ లేకపోయింది.

సభలో గళమెత్తిన జస్టిన్ జోన్స్, జస్టిన్ పియర్సన్ అనే ఇద్దరు యువ ప్రతినిధులను ఏప్రిల్ 6న బహిష్కరించారు. స్థానిక సంస్థలు వారం తిరగకుండానే వారిని మళ్లీ పంపించాయి. ఆగస్టులో ప్రత్యేక సమావేశం జరిగింది. ఉపసంఘం ముందు చేతిలో చిన్న కాగితపు ముక్క పట్టుకుని మౌనంగా కూర్చున్నందుకు స్త్రీలను బయటికి పంపించారు. మరునాడు న్యాయస్థానం ఆ కాగితాల నిషేధాన్ని తాత్కాలికంగా ఆపింది. ఇంతా చేసి ఆ సమావేశం దేనితో ముగిసింది? తుపాకులు దాచే పెట్టెలకు అమ్మకపు పన్ను మినహాయింపు వంటి స్వల్ప విషయాలతో.

"రాజ్యాంగం ఆ హక్కు ఇచ్చింది, ఏం చేస్తారు?" అంటారు మన మిత్రులు. టెన్నెసీ రాజ్యాంగపు మొదటి అధికరణం 26వ విభాగాన్ని చదివి చూడండి. ఆయుధాలు కలిగి ఉండే హక్కును చెప్పిన వాక్యంలోనే, నేర నివారణకై వాటి ధారణను క్రమబద్ధం చేసే అధికారం శాసనసభకు ఉన్నదని కూడా ఉంది. వాక్యంలో సగభాగాన్ని మింగి అర్థం చెప్పే విద్యార్థికి నేనైతే మార్కులు వేయను.

ఇక్కడ ఒక మాట. వాషింగ్టన్‌లో 2014లో, ఆరెగాన్‌లో 2022లో ప్రజలే ఓటు వేసి తుపాకీ నియంత్రణ శాసనాలు చేసుకున్నారు. టెన్నెసీలో ఆ మార్గం లేదు. పౌరులు తామై చట్టాన్ని ఓటుకు పెట్టలేరు. ఉన్న దారి ఒకటే: 99 మంది ప్రతినిధులను, 33 మంది సెనేటర్లను ఒప్పించడం. ఆ విద్యలో తుపాకీ సంఘాలది అందె వేసిన చెయ్యి. దానిని డబ్బు మహిమ అని తీసిపారేయడం మనవాళ్లకు అలవాటు. డబ్బు ఉన్నది నిజమే. కాని అభ్యర్థులకు మనం పిల్లలకు వేసినట్లే ఎ నుంచి ఎఫ్ దాకా శ్రేణులు వేసి సభ్యులకు పంచడం, ఉపసంఘంలో బిల్లు వస్తున్నదనగానే సభ్యులచేత వందలకొద్దీ ఉత్తరాలు వ్రాయించడం, పార్టీ ప్రాథమిక ఎన్నికలలో తప్పక ఓటు వేయడం, ఇవన్నీ ఓపికతో చేసే పనులు. ఈ పైరవీలో సగం నిత్యపారాయణమే. తల్లులు దుఃఖంతో వచ్చారు. అవతలివారు దశాబ్దాలుగా హాజరుపట్టీ తప్పలేదు.

ఫలితం 2024 ఏప్రిల్‌లో కనిపించింది. తల్లులు వేలాది సంతకాలు తెచ్చి ఇచ్చారు, ప్రేక్షకుల మేడపైనుంచి "మీ చేతులకు నెత్తురంటింది" అని అరిచారు. ప్రతినిధుల సభ 68-28 ఓట్లతో ఉపాధ్యాయులు పైకి కనబడకుండా తుపాకీ ధరించవచ్చునన్నది. అధికారుల అనుమతి, ఏటా 40 గంటల శిక్షణ, మానసిక పరీక్ష ఉండాలట. ఏ పంతులు దగ్గర ఆయుధమున్నదో తలిదండ్రులకు మాత్రం చెప్పరు.

పల్లెబడికి పోలీసులు చేరడం ఆలస్యమవుతుందన్న వాదంలో కొంత నిజముంది. అందుకే కదా 2023లోనే ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఒక సాయుధ రక్షకుణ్ణి నియమించడానికి నిధులిచ్చారు! అది వృత్తి రక్షకుని పని. 2022లో టెక్సాస్‌లోని యువాల్డీ బడికి 376 మంది రక్షకభటులు చేరి కూడా తరగతి గదిలోకి అడుగుపెట్టి హంతకుణ్ణి ఎదుర్కోవడానికి 77 నిమిషాలు తీసుకున్నారు. వృత్తిగా ఆయుధం పట్టినవారే అలా తటపటాయించినచోట, నలభై గంటలు నేర్చిన లెక్కల మాస్టారు, ముప్పైమంది పిల్లలు చెల్లాచెదురుగా పరుగెత్తుతుండగా, గురిచూసి కాల్చాలా? ఆ పరుగెత్తేవారిలో కాల్పులు జరిపేవాడు తన విద్యార్థే అయితే?

మన దేశం 2009 విద్యాహక్కు చట్టంతో పంతులు చేతిలోని బెత్తాన్ని తీయించింది. పిల్లవాడు భయంతో కాక నమ్మకంతో దగ్గరకు రావాలనే కదా. బెత్తమే బరువని తేల్చినవాళ్లం, తుపాకీని సమర్థిస్తున్నామా?

2017లో కాన్సస్‌లోని ఓలేత్‌లో మన తెలుగు ఇంజనీరు, 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ అంగడిలో హైదరాబాదు ఆడపడుచు తుపాకీకి బలయ్యారు. అప్పుడు దీపాలు వెలిగించాము, విరాళాలు పోగుచేశాము. మంచిదే. కాని నేను చూసినంతలో మన సంఘాల వేదికలపై సినీతారలకు దొరికిన సమయంలో పదోవంతైనా ఆ రాష్ట్రాల చట్టసభలకు దొరకలేదు. పౌరసత్వం పుచ్చుకున్నవారు అక్కడ ఓటర్లే, వారి పిల్లలు చదివేది ఆ బడులలోనే.

మిత్రమా, టెన్నెసీ శాసనసభ ఏటా జనవరిలో కూడి సాధారణంగా ఏప్రిల్ దాటకుండా ముగుస్తుంది. ఉపసంఘాల పట్టిక ముందే ప్రకటిస్తారు, లోపల కూర్చోవడానికి రుసుము లేదు. నాతో వాదించడానికి వెచ్చించిన రెండు గంటలూ అక్కడ కూర్చోగలరా?