మెట్ల పక్క గోడ
మలేసియాలో రెండంతస్తుల టెరస్ ఇళ్ళలో మెట్ల పక్క గోడ చాలా ఎత్తుగా ఉంటుంది. చాలామంది అక్కడ షాపులో దొరికే పెద్ద కాన్వాస్ బొమ్మ పెడతారు. నాకది నచ్చదు. బాతిక్ అందమే, కానీ నేను శ్రీకాళహస్తి కలంకారీ పెట్టమంటాను. మచిలీపట్నంలో అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. అక్కడి కొన్ని రామాయణం గుడ్డల మీద బొమ్మలతో పాటు కథ కూడా తెలుగులో రాసి ఉంటుంది. కొంటే అదే కొనండి! మా ఇంట్లో తెలుగు చదవడం తాతగారితోనే ఆగిపోయింది. పిల్లలు తెలుగు పుస్తకం తెరవరు, మెట్లు మాత్రం రోజూ ఎక్కుతారు కదా. ఇక్కడి తేమకు గుడ్డ బూజు పడుతుంది, అందుకని గోడకు అంటించకుండా కర్రకు వేలాడదీయండి. కిటికీ ఎదురుగా వద్దు, ఎండకు రంగులు వెలిసిపోతాయి.