కర్ర రంగు కుండకు అంటదు

హెడ్‌ఫోన్ల గురించి రాసేవారి మధ్య ఈమధ్య ఒక కొత్త కావ్యభాష పుట్టింది. మహోగని గిన్నెలైతే ధ్వని "వెచ్చగా" ఉంటుందట. ఎబొనీ అయితే "గంభీరంగా", చెర్రీ అయితే "తీయగా", వాల్‌నట్ అయితే "నిండుగా" పలుకుతుందట. వీటిని ఎవరికి వారు చేసుకున్న ఊహలుగా వదిలేస్తే పేచీ లేదు. కానీ వాటిని కార్యకారణ సంబంధాలుగా చెప్పి, ఆ మాట మీద వేలకు వేలు అదనంగా అడుగుతున్నారు. అడిగినంతా ఇచ్చి వచ్చిన మన మిత్రులు మళ్ళీ అవే విశేషణాలను తెలుగులోకి దించుతున్నారు. ఈ టపా అందుకే.

(ఇయర్‌కప్పును ఇకపై చెవిగిన్నె అంటాను. ఇంతకంటే మంచి మాట తోచినవారు చెబితే సంతోషంగా మార్చుకుంటాను.)

నా వాదం ఒక్కటే. చెవిగిన్నె ఆకారం ధ్వనిని మారుస్తుంది. దాని లోతు మారుస్తుంది. చెవిని ఆనుకునే మెత్త మరింతగా మారుస్తుంది. ఇవన్నీ సమానంగా ఉంచి చూస్తే, ఆ గిన్నె ఏ చెట్టుదన్న సంగతి వినికిడికి అందేటంత తేడాను తెస్తుందని ఇంతవరకు ఎవరూ నాకు నిరూపించి చూపలేదు.

ఈ మాట అనగానే ఎదురయ్యే మొదటి ఆక్షేపణ వీణ. "బొబ్బిలి వీణకు పనసకర్రే ఎందుకు వాడతారు? గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేస్తున్నవాళ్ళకు తెలియనిది నీకు తెలుసా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. అయితే వీణలో ఏం జరుగుతోందో చూడండి. తీగ సన్ననిది. అది ఎంత ఊగినా గాలిని కదిలించగలిగేది స్వల్పం. తీగ కంపనం కర్రకు చేరి, ఆ కర్ర తాను కంపిస్తేనే ఆ నాదం సభకు వినబడుతుంది. అక్కడ కర్ర పలకాలి; పలకడమే దాని వృత్తి. కాబట్టి దాని బరువు, బిగువు, ఈనె పోయిన దిక్కు, ఎండిన తీరు అన్నీ లెక్కకు వస్తాయి.

హెడ్‌ఫోనులో వ్యవహారం తలకిందులు. అక్కడ పలికేది డ్రైవరులోని పలుచని పొర. అది గాలిని నేరుగా కదిలిస్తుంది, ఆ గాలి నేరుగా చెవిలోకి పోతుంది. గిన్నె చేయవలసిన పని పొర వెనుక నోరు మూసుకుని కూర్చోవడం. గిన్నె తానూ పలకడం మొదలుపెడితే గాయకుడు పాడని స్వరం ఒకటి పాటలో కలుస్తుంది. ఒక కంపెనీవారు తమ కలప "వాద్యంలా పలుకుతుంది" అని ప్రకటించుకుంటే, అది నిజమైన పక్షంలో వారు సిగ్గుపడాలి. నిజం కాని పక్షంలో మనం నవ్వుకోవాలి.

ఇక అంకెల సంగతి. గాలిలో పోతున్న ధ్వని ఒక గోడను తాకినప్పుడు ఎంత లోపలికి పోతుంది, ఎంత వెనక్కి వస్తుంది అన్నది ఆ రెండు పదార్థాల సాంద్రత, వాటిలో ధ్వని వేగం, ఈ రెండింటి లబ్ధాన్ని బట్టి ఉంటుంది. గాలికి ఆ లబ్ధం సుమారు 400. కలపలకు జాతిని బట్టి, ఈనె దిక్కును బట్టి సుమారు 10 లక్షల నుంచి 30 లక్షల దాకా ఉంటుంది. గట్టి ప్లాస్టిక్కుకు 20 లక్షల పైచిలుకు. ఈ లెక్కన ధ్వనిశక్తిలో నూటికి 99 పాళ్ళకు పైగా గోడను తాకి వెనక్కే వస్తుంది, ఆ గోడ మహోగనిదైనా, ఎబొనీదైనా, మనం ఈసడించే ప్లాస్టిక్కుదైనా సరే. గాలి కంటికి ఇవన్నీ ఒకే గోడ.

మరి వెనక్కి వచ్చిన ధ్వని ఏం చేస్తుంది? గిన్నె లోపలి కొలతలను బట్టి తనలో తాను కలుస్తుంది, కొన్నిచోట్ల బలపడుతుంది, కొన్నిచోట్ల నశిస్తుంది. అయిదు సెంటీమీటర్ల ఎడంలో ఎదురెదురు గోడలుంటే సుమారు 3400 హెర్ట్‌జ్ దగ్గర అనునాదం మొదలవుతుంది. మానవ శ్రవణం మహా చురుకుగా ఉండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. కాబట్టి లోపలి వంపు కొద్దిగా మారినా, అందులో కుక్కిన ఉన్ని కాస్త తగ్గినా తేడా వినిపిస్తుంది. ఆ తేడా రేఖాగణితానిది, చెట్టుది కాదు.

మన తార్కికులు ఈ చిక్కును ఏనాడో విప్పారు. ఒకటి మరొకదానికి కారణమని చెప్పాలంటే అన్వయ వ్యతిరేకాలు రెండూ చూపాలి: అది ఉంటే ఇది ఉంది, అది లేకపోతే ఇది లేదు అని. అంతేకాదు, పక్కనే నిలబడి కారణంలా కనిపించేవాటిని ఏరివేయాలి. వాటికి అన్యథాసిద్ధాలని పేరు పెట్టారు. విశ్వనాథ పంచాననుడి కారికావళిలో ఈ అన్యథాసిద్ధాల పట్టీ ఉంది. కుండ తయారు కావడానికి చక్రం తిప్పే కర్ర కారణమే. కానీ ఆ కర్ర రంగు కారణం కాదు. కుమ్మరి కారణమే, కుమ్మరి తండ్రి కాదు. మట్టి కారణమే, దానిని మోసుకొచ్చిన గాడిద కాదు. హెడ్‌ఫోనుకు చెవిగిన్నె కావాలి. ఆ గిన్నె ఎర్రగా ఉందా, నల్లగా ఉందా, చారలతో ఉందా అన్నది కర్ర రంగు సంగతి. లక్షలు పెట్టి మనవాళ్ళు కొంటున్నది ఆ రంగును.

కలపకు గొప్ప పేరు తెచ్చిన ఉదాహరణలనే ఈ గీటురాయి మీద పెట్టి చూద్దాం. 1989లో సోనీవారు ఎండీఆర్-ఆర్10 అనే హెడ్‌ఫోనును 2500 డాలర్లకు తెచ్చారు. జపానులో పెరిగే జెల్కోవా కలపతో చేసిన గిన్నెలవి. ఈనాటికీ దాని పేరెత్తితే అందరూ ఆ కలపనే తలుచుకుంటారు. దాని డ్రైవరు పొర బాక్టీరియా చేత నేయించిన సెల్యులోజుతో తయారైంది. గిన్నె లోపలి వంపులను కంప్యూటరు మీద లెక్కకట్టారు. కొత్త పొర, కొత్త ఆకారం, కొత్త కలప మూడూ ఒకేసారి వచ్చినప్పుడు కీర్తి మొత్తం కలప ఖాతాలో ఎలా జమ అయింది? కంటికి కనబడేది అదొక్కటే కనుక.

డెనన్‌వారి ఏహెచ్-డీ7200కు వాల్‌నట్ గిన్నెలు. 2018లో వచ్చిన డీ9200కు జపాను వెదురు గిన్నెలు. (వెదురు చెట్టే కాదు, గడ్డిజాతి, ఈ లెక్కన రేపు ఎవరైనా దర్భ గిన్నెలు తెచ్చినా ఆశ్చర్యపోను.) ఈ రెండింటి మధ్య లోపలి సామగ్రి కూడా మారింది. అయినా తేడాను వెదురుకే అంటగట్టారు. ఫాస్టెక్స్ టీహెచ్-ఎక్స్00 కొంచెం నిజాయితీ గల పోటీ. దాదాపు ఒకే నిర్మాణానికి మొదట మహోగని, తరువాత పర్పుల్‌హార్ట్, ఆపై ఎబొనీ గిన్నెలు తొడిగి అమ్మారు. వాటి మధ్య తేడాల గురించి పుటలకు పుటలు రాశారు. రాసినవారిలో అత్యధికులు గిన్నెను కళ్ళారా చూస్తూ, పేరు తెలిసి, ధర తెలిసి విన్నవారే. అది వ్యతిరేకం లేని అన్వయం.

కళ్ళు మూసి వింటే ఏమవుతుందో చూపిన పరీక్షలు వాద్యాల విషయంలో ఉన్నాయి. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఒకే కొలతలతో వెండి, రాగి, కొయ్య పిల్లనగ్రోవులను తయారు చేయించి పరీక్షించాడు. విన్నవారు కాదు కదా, వాయించినవారు కూడా ఏది ఏదో గుర్తుపట్టలేకపోయారు. పిల్లనగ్రోవిలో పలికేది లోపలి గాలి, గోడ కాదు. కాబట్టి దీనిని కొట్టిపారేసి, కర్ర నిజంగానే పలికే వాద్యాన్ని చూద్దామనుకుంటే, 2018లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వారు ప్రచురించిన గిటారు పరీక్ష ఉంది. ఆరు గిటార్లు, ఒకే డిజైను. వెనుక పలక, పక్క పలకల కలప మాత్రం వేరు: బ్రెజిల్ రోజ్‌వుడ్, మన ఇరుగుడు, మహోగని, మేపుల్, సపేలి, వాల్‌నట్. యాభై ఇద్దరు గిటారు విద్వాంసులు కలప కంటికి ఆనకుండా వాయించి చూశారు. ఖరీదైన కలపకు చవక కలప కంటే చెప్పుకోదగ్గ మెరుగైన మార్కులు రాలేదు. కలప పలికే వాద్యంలోనే వెనుక పలకకు ఈ గతి పడితే, పలకకూడని చెవిగిన్నె ఏపాటిది?

ధర సంగతికి వస్తే, 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరలతో పోల్చి చూశాడు. ధ్వని తీరుకూ ధరకూ సంబంధం కనబడలేదని తేల్చాడు.

"నా చెవులతో నేను విన్నాను" అంటారు కొందరు. విన్నారు, నేను కాదనను. మీరు విన్నది ఏమిటన్నదే ప్రశ్న. మీ హెడ్‌ఫోను పెట్టుకుని మీకు బాగా తెలిసిన మృదంగం ఒకటి వినండి. గిన్నెలను వేళ్ళతో కాస్త లోపలికి నొక్కండి. తొప్పి మోత పెరుగుతుంది. అర అంగుళం ముందుకు జరపండి. గొంతు రంగు మారుతుంది. కళ్ళజోడు తీసి చూడండి, మళ్ళీ పెట్టుకుని చూడండి. మెత్తకూ చర్మానికీ మధ్య సన్నని సందు చాలు, మంద్రస్థాయిలో పది డెసిబెల్స్ దాకా జారిపోవచ్చు. ప్రతిసారీ తలకు తగిలించుకునే తీరులోనే ఇంత తేడా వస్తుంటే, చెర్రీ మాధుర్యాన్నీ వాల్‌నట్ నిండుదనాన్నీ వేరు చేసి పట్టుకున్న ఆ చెవికి నమస్కారం పెట్టాలో, పరీక్ష పెట్టాలో మీరే చెప్పండి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. బరువైన కలపతో మందంగా తొలిచిన గిన్నె, పలుచని బోలు ప్లాస్టిక్కు కంటే తక్కువగా అదురుతుంది. గిన్నె బరువును బట్టి తల మీద అది కూర్చునే తీరు మారుతుంది, దానితో మెత్త బిగువూ మారుతుంది. గ్రాడోవారి మహోగని నమూనాల వంటి తెరచిన నిర్మాణాల్లో గిన్నె పాత్ర వేరు. ఇవన్నీ కొలవదగిన విషయాలు. కొలిచి చూపితే చేతులు జోడించి వింటాను. ఇవి బరువుకూ మందానికీ సంబంధించినవే తప్ప, జాతకంలో రాసిపెట్టినట్టు ఫలానా చెట్టుకు ఫలానా గుణం అని చెప్పేవి కావు.

"పోనీయవయ్యా, ఎవరి డబ్బు వారిది, ఎవరి భ్రమ వారిది" అనే సహృదయులకు చివరగా ఒక మనవి. భ్రమ ఖర్చు కొన్నవాడి జేబుతో ఆగదు. బ్రెజిల్ రోజ్‌వుడ్డును 1992లోనే అంతర్జాతీయ వ్యాపారం నుంచి దాదాపుగా నిషేధించవలసి వచ్చింది. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ ప్రజాతి మొత్తాన్ని నియంత్రణలోకి తెచ్చారు. చెవిగిన్నెలకు వాడే ఆఫ్రికా పడాక్‌ను 2022 సమావేశంలో ఆ జాబితాలో చేర్చారు. ఆ పడాక్ ఎవరనుకున్నారు? మన వేగిసకూ ఎర్రచందనానికీ సగోత్రం. ఎర్రచందనం ఆ జాబితాలోకి 1995లోనే ఎక్కింది. ఈ చెట్లను కూల్చింది హెడ్‌ఫోన్లవారని నేను అనడం లేదు. అందులో పెద్ద వాటా గృహోపకరణాలది. కానీ చెట్టు రంగుకు లేని మహిమలు కట్టి ధర పెంచే మాట ఎక్కడైనా ఒక్కటే. ఆ ధర అడవి దాకా వెళితే ఏమవుతుందో మనకు తెలుసు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో ఇరవైమంది చనిపోయారు. తమిళనాడు నుంచి దుంగలు నరకడానికి వచ్చారని చెప్పబడ్డ కూలివాళ్ళు. ఆ కలపతో చేసిన వస్తువు ఏదీ వారి ఇళ్ళలో ఉండి ఉండదు.

కొయ్య గిన్నె అందంగా ఉంటుంది. చేతికి హాయిగా ఉంటుంది. నున్నగా చిత్రిక పట్టిన పనివాడి నేర్పు చూస్తే ముచ్చటేస్తుంది. కొనాలనిపిస్తే ఆ ముచ్చట కోసమే కొనండి, ఆ మాటే రాయండి. "చూడ ముచ్చటగా ఉంది, కొన్నాను" అనడంలో లోపమేముంది? ఒకదానిని చూసి మరొకటి అనుకోవడాన్ని ఆలంకారికులు భ్రాంతిమంతమన్నారు. కవికి అది అలంకారం. సమీక్షకుడు కూడా దానినే ధరించి వస్తే, నమ్మి కొన్నవాడికి నష్టం.

భిన్నాభిప్రాయం ఉన్న మిత్రులు తప్పక రాయండి. ఒక్కటే షరతు: కలప పేరుతో పాటు మెత్త ఏదో, లోతెంతో, కళ్ళు మూసి విన్నారో తెరిచి విన్నారో కూడా రాయాలి.